‘స్టెర్లింగ్’ అని లేని పాత అమెరికన్ వెండి స్పూన్లు: కాలాన్ని, పనివాడిని, విలువను ఎలా తెలుసుకోవాలి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. న్యూజెర్సీలో ఒక పాత ఇంటి సామాను అమ్మకంలో ఆరు చిన్న టీ స్పూన్లు, వాటితో పాటు ఒక పెద్ద స్పూను కొన్నారు. చిన్న వాటి కాడ కొసను రెండు మూలలా ఏటవాలుగా కోసినట్టు ఉంది. ముందు వైపు మూడు అక్షరాలు చెక్కి ఉన్నాయి. వెనక సన్నని దీర్ఘచతురస్రంలో ఒక పేరు అరిగిపోయి కనిపిస్తోంది. వెండి మేలిమిని తెలిపే ‘స్టెర్లింగ్’ అన్న మాట ఎక్కడా లేదు. పెద్ద దాని మీద మాత్రం ‘1847 రోజర్స్ బ్రదర్స్’ అని స్పష్టంగా ఉంది. అందువల్ల పెద్దది పాతదీ అసలు వెండిదీ అయి ఉంటుందనీ, చిన్నవి ఏవో అనామకపు సరుకనీ మీరు అనుకున్నారు; ఒకవేళ అవి కూడా వెండివే అయితే కరిగించి మనవడికి ఉగ్గుగిన్నె చేయించాలని ఆలోచిస్తున్నారు.

మీరు పెట్టిన ఫోటోలు చూశాక నా అభిప్రాయం దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంది. చిన్నవి ఆరూ దాదాపు ఖాయంగా వెండివే, 1800కు కొంచెం అటూ ఇటూగా చేసినవి. పెద్దది వెండి పూత వేసినది, అందులోనూ వాటికంటే చాలా తర్వాతి కాలానిది. అమెరికన్ వెండి విషయంలో కొత్తవారు మొదట ముద్ర చూసి, అది అర్థం కాక వస్తువును పక్కన పెట్టేస్తారు. నేను ముద్రను చివర చూడమంటాను. ముందు ఆకారం, తర్వాత పనితనం, ఆ రెండూ ఒక కాలాన్ని సూచించాక ముద్ర దానితో పొసగుతోందా లేదా అన్నది చూడాలి. దీనికి చారిత్రక కారణం ఉంది, అది తెలియకపోతే మిగిలినదంతా గందరగోళంగానే ఉంటుంది.

ఇంగ్లండులో 1300 సంవత్సరపు శాసనం నుంచే వెండిని పరీక్షించి చిరుతపులి తల ముద్ర వేసే ఏర్పాటు ఉంది. 1544 నుంచి నడుస్తున్న సింహం ముద్ర కూడా చేరింది. ఏ సంవత్సరంలో పరీక్షించారో తెలిపే అక్షరం కూడా ఉండటం వల్ల, ఒక లండన్ స్పూను చేతికి వస్తే పుస్తకం తెరిచి దాని పుట్టిన సంవత్సరం చెప్పేయవచ్చు. అట్లాంటిక్ దాటి బోస్టన్‌లోనో న్యూయార్క్‌లోనో దుకాణం పెట్టుకున్న వెండిపనివాడికి అలాంటి పరీక్షశాల లేదు, అతని పనిని తనిఖీ చేసే అధికారం గల సంఘమూ లేదు. ఆ లోటును అతని పేరే పూడ్చింది. మొదట్లో రెండు పొడి అక్షరాలు, తర్వాత ఇంటిపేరు పూర్తిగా, ఉక్కు అచ్చుతో వెండి మీద కొట్టేవాడు. వెండిలో కల్తీ ఉంటే ఊరంతటికీ ఎవరి దగ్గరికి వెళ్ళి నిలదీయాలో తెలిసేది. హాల్‌మార్క్ రాకముందు మన ఊళ్ళలో ఇంటి కంసాలి మాట మీద తులాల కొద్దీ చేయించుకున్న నమ్మకం లాంటిదే ఇదీ, కాకపోతే అక్కడ ఆ మాటను వస్తువు మీద అచ్చు వేసి ఇచ్చేవారు.

అమెరికాలోని ఆంగ్లేయుల వలస రాజ్యాలైన కాలనీలలో చెప్పుకోదగ్గ వెండి గనులు లేవు. వెండి నాణేల రూపంలో వచ్చేది, ముఖ్యంగా వెస్టిండీస్ వ్యాపారం ద్వారా చేతులు మారి వచ్చిన స్పానిష్ డాలర్లు. వాటిని ఇంట్లో మూటగట్టి ఉంచితే దొంగ ఎత్తుకుపోయాక ఇది నాది అని చెప్పడానికి ఆనవాలు ఉండదు. అదే స్పూన్లుగా చేయించి అక్షరాలు చెక్కిస్తే, పోయినప్పుడు పత్రికలో పనివాడి ముద్ర, చెక్కిన అక్షరాలు, బరువు ప్రకటించి, ఎవరైనా అమ్మజూపితే పట్టుకోమని వెండిపనివారిని కోరే వీలుండేది. ఆ కాలపు పత్రికలలో అటువంటి ప్రకటనలు విరివిగా కనిపిస్తాయి. బ్యాంకులు లేని ఆ రోజుల్లో వెండి స్పూను భోజనపు సామగ్రి మాత్రమే కాదు, తూకం వేసి దాచుకున్న సొమ్ము కూడా. గిరాకీదారు నాణేలనో అరిగిన పాత స్పూన్లనో తెచ్చి ఇస్తే, పనివాడు తూచి, కరిగించి, కొత్త వస్తువు చేసి, మజూరీ విడిగా లెక్కగట్టేవాడు.

వెండిపనివాడికీ నాణేలకూ ఉన్న ఈ చుట్టరికం మొదటి నుంచీ ఉన్నదే. లీస్టర్‌షైర్‌లో పుట్టి 1635లో బాలుడిగా బోస్టన్ చేరిన జాన్ హల్‌కు 1652లో మసాచుసెట్స్ బే కాలనీ తన టంకశాలను అప్పగించింది. అతడు లండన్‌లో పని నేర్చుకుని వచ్చిన రాబర్ట్ శాండర్సన్‌ను భాగస్వామిగా తీసుకున్నాడు. వారు కొట్టిన షిల్లింగు 72 గ్రెయిన్ల బరువు తూగేది. ఇంగ్లండు షిల్లింగు సుమారు 93 గ్రెయిన్లు. మేలిమి సమానమే, బరువు మాత్రం తక్కువ. నాణెం ఓడెక్కి ఇంగ్లండు పోకుండా కాలనీలోనే తిరగాలన్నది దాని వెనక ఉన్న లెక్క. ఇవాళ పైన్ చెట్టు షిల్లింగులుగా పేరుపడిన నాణేల మీద అవి ఎప్పుడు కొట్టినవైనా 1652 అనే ఉంటుంది. అదే కొలిమిలో ఆ ఇద్దరూ స్పూన్లు, చర్చి పానపాత్రలు కూడా చేశారు. 1659లో హల్ దగ్గర ఎనిమిదేళ్ళ ఒప్పందం మీద శిష్యుడిగా చేరిన జెరెమయా డమ్మర్, అమెరికా గడ్డ మీద పుట్టిన తొలి వెండిపనివాడని చెబుతారు.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా పరీక్షశాలలు రాలేదు. 1792 నాటి టంకశాల చట్టం నాణేలకు వెయ్యికి సుమారు 892 పాళ్ళ మేలిమిని నిర్ణయించింది. 1837లో దాన్ని 900 చేశారు. నాణేలు కరిగించి చేసిన వెండి కాబట్టి దీన్ని ‘కాయిన్ సిల్వర్’ అంటారు. 1830ల నుంచి కొందరు ‘కాయిన్’, ‘ప్యూర్ కాయిన్’, ‘స్టాండర్డ్’, ‘డాలర్’ అని అచ్చు వేయసాగారు; అంతకు ముందు వాటి మీద అలాంటి మాటలు ఉండాలని ఎదురుచూడకూడదు. 925 మేలిమి గల స్టెర్లింగును టిఫనీ సంస్థ 1851లో చేపట్టింది, మిగిలిన పెద్ద తయారీదారులు తర్వాతి దశాబ్దాలలో ఆ దారి పట్టారు, ముద్రల గురించిన జాతీయ చట్టం 1906లో గానీ రాలేదు. కనుక 1800 నాటి స్పూను మీద ‘స్టెర్లింగ్’ అని కనిపిస్తేనే అనుమానించాలి. ఒక్క బాల్టిమోర్ నగరం మాత్రం ఈ కథకు మినహాయింపు. అక్కడ 1814 నుంచి 1830 దాకా నిజంగానే పరీక్షాధికారి ఉండి, సంవత్సరాక్షరాలతో సహా ముద్రలు వేశాడు. ఆ కొద్దికాలపు బాల్టిమోర్ స్పూనును చదవడం లండన్ స్పూనును చదివినంత తేలిక.

ఇక ఆకారానికి వద్దాం. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే మీ ప్రశ్నకు జవాబు చాలావరకు ఇక్కడే ఉంది.

పదిహేడో శతాబ్దపు చివరి దశాబ్దాలలో బోస్టన్‌లో చేసిన స్పూను కాడ బల్లపరుపుగా ఉండి, కొసలో రెండు గాట్లతో మూడు రేకులుగా విడినట్టు ఉంటుంది. గుంట కోడిగుడ్డు ఆకారంలో ఉండి, దాని వెనక కాడ నుంచి సన్నబడుతూ దిగే ఒక గట్టు ఉంటుంది. ఎలుక తోకలా ఉంటుందని దానికి ఆ పేరే పెట్టారు. అది అలంకారమే కాదు, కాడ గుంటతో కలిసే బలహీనమైన చోటుకు దన్ను. 1700 తర్వాత కొన్నేళ్ళు ఆ మూడు రేకులు మెత్తబడి అలలాంటి అంచుగా మారాయి. తర్వాత వచ్చిన స్పూను మీద నాకు ప్రత్యేకమైన ఇష్టం: కాడ కొస గుండ్రంగా ఉండి పైకి వంగి ఉంటుంది, ముందు వైపు మధ్యలో ఒక వెన్నుగీత కాడ పొడవునా కొంత దూరం నడుస్తుంది. దీన్ని బల్ల మీద బోర్లా పెట్టేవారు. అందుకని సొంతదారు అక్షరాలు కాడ వెనక చెక్కేవారు, ఎందుకంటే అతిథికి కనిపించేది వెనక వైపే; గుంట వెనక గవ్వ లాంటి చిన్న బొమ్మలు అచ్చు కొట్టించుకోవడమూ ఆ కారణంగానే. ఎలుక తోక ఈ దశలో పొట్టిదై, వేలాడే బొట్టు ఆకారానికి వచ్చింది. 1760ల తర్వాత కాడ కొసను కిందికి వంచడం మొదలై, స్పూనును వెల్లకిలా పెట్టడం ఆచారమైంది; అక్షరాలు వెనక నుంచి ముందుకు వచ్చాయి. అక్షరాలు ఏ వైపు ఉన్నాయన్న ఒక్క విషయమే స్పూనును 1760కి అటో ఇటో స్థూలంగా నిలబెడుతుంది.

1780 నుంచి 1800 వరకు కాడ మీద సన్నని వాలు గాట్లతో చేసిన నగిషీ వచ్చింది. పదునైన ఉలితో ఒక పక్కకు వాల్చి కోయడం వల్ల ప్రతి గాటు ఒక చిన్న అద్దంలా మెరుస్తుంది. రెండు వందల ఏళ్ళ తోముడుకు ఆ మెరుపు పోయి చాలా వాటి మీద గీతల నీడ మాత్రమే మిగిలింది. దాని వెనువెంటనే, సుమారు 1795 నుంచి 1815 లోపు, మీ దగ్గరున్న ఆకారం వచ్చింది. కొసను రెండు మూలలా కోయడం వల్ల అది శవపేటిక మూతలా కనిపిస్తుందని సేకర్తలు దానికి ఆ పేరే పెట్టారు. వినడానికి అశుభంగా ఉన్నా, అది తర్వాతి వారు పెట్టిన పేరే. చేయించుకున్నవారు పెళ్ళిళ్ళకే చేయించుకున్నారు. ఇది ముఖ్యంగా అమెరికాలో ఎదిగిన ఆకారం, బతికిన కాలం కూడా తక్కువ. అందుకే ఫోటో చూడగానే నేను కాలం చెప్పగలిగాను. ఆ తర్వాత 1810ల నుంచి భుజాలు పొడుచుకొచ్చి ఫిడేలు ఆకారం గల కాడలు వచ్చాయి. 1820, 30లలో వాటి కొస మీద పూలబుట్ట, గోధుమ పన వంటివి అచ్చు పడ్డాయి. న్యూయార్క్‌కు చెందిన విలియం గేల్ 1826లో రూళ్ళ మీద నమూనా చెక్కి స్పూన్లను వాటి మధ్య నొక్కే పద్ధతికి పేటెంటు పొందాక, స్పూను తయారీ సుత్తి చేతిలోంచి యంత్రం చేతిలోకి జారడం మొదలైంది.

సుత్తి కాలపు పని ఎలా ఉండేదో తెలిస్తే మీ స్పూన్లను భూతద్దం కింద ఏం చూడాలో తెలుస్తుంది. నాణేలను మూసలో కరిగించి ఇనుప అచ్చులో కడ్డీగా పోసేవారు. ఆ కడ్డీని దాగలి మీద సాగగొట్టి, ఒక చివర వెడల్పు చేసి, మరో చివర కాడగా లాగేవారు. వెండి దెబ్బలకు గట్టిపడుతుంది. అక్కడే ఆపకుండా కొడితే అంచులు పగులుతాయి. అందుకని మధ్యమధ్యలో ఎర్రగా కాల్చి మెత్తబరిచేవారు. వెడల్పు చేసిన భాగాన్ని సీసపు దిమ్మ మీద పెట్టి ఉక్కు పోటుతో గుంట చేసేవారు. వెనక బొట్టు గానీ గవ్వ గానీ కావాలంటే ఉక్కు అచ్చులో దిగగొట్టేవారు. ఆకురాయితో అంచులు సవరించి, గీకి, ప్యూమిస్ పొడితో రుద్ది, చివర నునుపైన ఉక్కుతో ఒత్తి మెరుగు పెట్టేవారు. కాడ, గుంట ఒకే ముక్క నుంచి వస్తాయి కనుక మెడ దగ్గర టంకం ఉండకూడదు. అక్కడ అతుకు గీత కనిపిస్తే ఎప్పుడో విరిగి అతికించినట్టు లెక్క. మీ శవపేటిక కొసల కాలానికి రేకును రూళ్ళ మధ్య నొక్కి పలచన చేసే యంత్రాలు కొందరి దుకాణాలకు వచ్చాయి. అందుకే ఆ కాలపు టీ స్పూన్లు తాతల నాటి వాటికంటే పలచగా, చేతికి తేలికగా ఉంటాయి. తేలికగా ఉన్నాయని వాటిని నకిలీ అనుకోవద్దు.

మీరు చేయవలసిన పరీక్ష ఒకటి చెబుతాను, దీనికి పైసా ఖర్చు లేదు. ఆరు స్పూన్లనూ వరసగా బోర్లా పెట్టి ముద్రలను మాత్రమే పోల్చండి. చేత్తో అచ్చు పట్టుకుని సుత్తితో కొట్టిన ముద్ర ఏ రెండు స్పూన్ల మీదా ఒకే చోట, ఒకే లోతున, ఒకే వాలులో పడదు. ఒకదాని మీద చివరి అక్షరం తేలిపోయి ఉంటుంది, ఇంకోదాని మీద దీర్ఘచతురస్రం ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. ఆరింటి మీదా ముద్ర అదే చోట, అదే గీతతో సహా ఉంటే అవి ఒక అసలు స్పూను నుంచి మూస తీసి పోతపోసినవి. మీ ఫోటోలలో మూడో స్పూను ముద్ర కాడ అంచుకు ఒరిగి ఉంది, ఐదోదాని మీద కుడి చివర లోతుగా దిగింది. ఇది మంచి సంకేతం. ఇంకొకటి: అక్షరాలు చెక్కిన చోట, కాడ మధ్యలోనూ నోటితో ఆవిరి ఊదండి. ఆ పలచని మసకలో, కంటికి కనిపించని పాత చెక్కడాల చెరిపివేతలు, టంకం మచ్చలు ఒక్క క్షణం బయటపడతాయి. అక్షరాలు చెరిపి కొత్తవి చెక్కిన స్పూను అక్కడ పలచనై వేలికి పల్లంగా తగులుతుంది.

మూడు అక్షరాల సంగతి. త్రికోణంగా అమర్చి ఉంటే పైన ఉన్నది ఇంటిపేరు, కింద ఎడమ వైపున భర్త పేరులోని, కుడి వైపున భార్య పేరులోని మొదటి అక్షరం. మీ వాటి మీద పక్కపక్కన తీగ రాతలో ఉన్నాయి కనుక ఇవి ఒక వ్యక్తివే అయి ఉండవచ్చు. పెళ్ళికి ముందు అమ్మాయి పేరున చేయించిన ఆరు స్పూన్ల జత ఆ కాలంలో మామూలు. గుంట కొసలు ఒక పక్కకే అరిగి ఉండటం మీరు గమనించారు, దానిని లోపం అనుకున్నారు. కుడిచేత్తో గిన్నె అడుగు గీకిన తరాల గుర్తు అది. రెండింటి గుంటల్లో ఉన్న చిన్న చిన్న నొక్కులు పిల్లల పళ్ళ గాట్లు కావడానికే ఎక్కువ అవకాశం ఉంది. అవి పాత టీ స్పూన్లలో తరచూ కనిపించేవే.

ఇప్పుడు ముద్ర. మీ ఫోటోలో మొదటి అక్షరమూ చివరి రెండూ మాత్రమే తెలుస్తున్నాయి కనుక పేరు ఊహించి చెప్పను. ‘రివీర్ కాలం నాటివా’ అని అడిగారు కాబట్టి ఆయన గురించి చెప్పాలి. కాలం కలుస్తుంది, బోస్టన్ వెండిపనివాడైన పాల్ రివీర్ 1818 దాకా బతికాడు. ఆయన తండ్రి అపోలోస్ రివ్వార్ ఫ్రాన్సు నుంచి వచ్చిన ప్రొటెస్టెంటు బాలుడు, బోస్టన్‌లో జాన్ కోనీ దగ్గర శిష్యుడిగా ఉంటూ 1722లో గురువు చనిపోతే మిగిలిన ఒప్పందకాలానికి డబ్బు చెల్లించి విడుదలై, నోరు తిరగని పేరును పాల్ రివీర్‌గా మార్చుకుని అదే పేరు కొడుక్కీ పెట్టాడు. బ్రిటిష్ పాలనను ఎదిరించిన సన్స్ ఆఫ్ లిబర్టీ బృందం పేరున కొడుకు 1768లో చేసిన గిన్నె బోస్టన్ లలితకళల మ్యూజియంలో ఉంది. 1775 ఏప్రిల్ 18 రాత్రి బ్రిటిష్ సైన్యం వస్తోందని హెచ్చరిస్తూ చేసిన గుర్రపు స్వారీ వల్ల లోకానికి ఆయన వేరే విధంగా తెలుసు. దుకాణపు లెక్కల పుస్తకాలు 1761 నుంచి 1797 దాకా మిగిలి, మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీలో భద్రంగా ఉన్నాయి. స్వాతంత్ర్య యుద్ధానంతరం ఆయన దుకాణంలో స్పూన్ల పని ఎంత పెరిగిందో వాటిలో తెలుస్తుంది. అదే కీర్తి వల్ల అమెరికన్ వెండిలో అత్యధికంగా దొంగముద్ర పడిన పేరు కూడా ఆయనదే. అసలు పాత స్పూను మీదే, పనివాడి పేరు చెరిపి, కొత్తగా రివీర్ అని కొట్టినవి ఉన్నాయి. వాటిలో వెండి నిజం, ఆకారం నిజం, ముద్ర మాత్రమే అబద్ధం. ముద్రను చివర చూడమన్నది ఇందుకు కూడా.

రివీర్ ఒక్కడి వెంట పడటం వల్ల మిగిలిన గొప్ప పనివారు మరుగున పడిపోతున్నారని నా బాధ. ఫిలడెల్ఫియాలో ఫిలిప్ సింగ్ 1752లో పెన్సిల్వేనియా శాసనసభకు చేసిన సిరాబుడ్డి పళ్ళెంలోని సిరాతోనే తర్వాత స్వాతంత్ర్య ప్రకటన మీద, రాజ్యాంగం మీద సంతకాలు జరిగాయి. అదే ఊళ్ళో జోసెఫ్ రిచర్డ్‌సన్ కుటుంబం తరాల పాటు వెండి పని చేసింది. జూనియర్ జోసెఫ్‌ను 1795లో దేశపు టంకశాలలో లోహపరీక్షకుడిగా నియమించారు. న్యూయార్క్‌లో మయర్ మయర్స్ యూదు ప్రార్థనామందిరాలకు తోరా అనే ధర్మగ్రంథపు చుట్టల కొసన తొడిగే శిఖరాలు చేశాడు, 1786లో ఆ నగరపు బంగారు, వెండి పనివారి సంఘానికి అధ్యక్షుడయ్యాడు. కరేబియన్ దీవుల్లో పుట్టి, ఫిలడెల్ఫియాలో పని నేర్చుకున్న పీటర్ బెంట్‌జన్ ఆఫ్రికన్ మూలాలు గల స్వతంత్ర పనివాడు. ఆ కాలపు నల్లజాతి పనివారు అనేకులు యజమాని ముద్ర కింద పేరు లేకుండా కలిసిపోగా, సొంత ముద్ర ద్వారా మనం గుర్తుపట్టగలుగుతున్న అరుదైన చేయి అతనిది. ఇక మీ స్పూన్ల పనివాడు ఏ చిన్న పట్టణపు మనిషో కావచ్చు. శవపేటిక కొసల కాలానికి దుకాణదారు వేరేవారి చేత చేయించి తన పేరు కొట్టుకోవడం కూడా మొదలైంది కనుక, ముద్రలోని పేరు ఎప్పుడూ సుత్తి పట్టిన వాడిదే అనుకోనక్కరలేదు.

పేరు స్పష్టమయ్యాక యేల్ విశ్వవిద్యాలయ ఆర్ట్ గ్యాలరీ, డెలవేర్‌లోని వింటర్‌థర్, మెట్రోపాలిటన్ మ్యూజియంల ఆన్‌లైన్ సేకరణలలో ముద్రల ఫోటోలతో పోల్చండి. పేరు కలిస్తే చాలదు. చట్రం అంచు నున్నగా ఉందా రంపపు పళ్ళలా ఉందా, పొడి అక్షరం తర్వాత చుక్క ఉందా, అక్షరాల మధ్య ఎడం ఎంత, ఇవన్నీ కలవాలి. పేరు పక్కన సింహం, నక్షత్రం, రాజు తల వంటి బొమ్మలు కనిపిస్తే ఇంగ్లీషు వెండి అనుకోవద్దు. గిరాకీ కోసం ఆ పోలిక తెచ్చిన అలంకార ముద్రలు పంతొమ్మిదో శతాబ్దపు అమెరికాలో చాలామంది వాడారు, వాటి వెనక ఏ పరీక్షా లేదు.

మీ పెద్ద స్పూను గురించి నాలుగు మాటలు చాలు. 1840లో ఇంగ్లండులో ఎల్కింగ్టన్ విద్యుత్తుతో వెండి పూత వేసే పద్ధతికి పేటెంటు పొందాక, కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో రోజర్స్ సోదరులు 1847లో ఆ పూత స్పూన్లతో వ్యాపారం సాగించారు. ఆ సంవత్సరం వ్యాపారనామంలో భాగమైపోయి ఇరవయ్యో శతాబ్దంలో చేసిన వాటి మీద కూడా పడుతూ వచ్చింది. అడుగున ఉన్న లోహం సాధారణంగా రాగి, నికెల్, జింకుల మిశ్రమం, అంటే మన ఇళ్ళలో పేరంటాలకు పంచే జర్మన్ సిల్వర్. అందులో వెండి బొత్తిగా ఉండదు. గుంట వెనక బల్లకు ఆనే చోట పసుపు ఛాయ తేలిందని మీరే రాశారు. అది పూత అరిగి లోపలి లోహం బయటపడటమే.

చిన్న వాటి మేలిమి నిర్ధారించుకోవాలంటే దుకాణంలో ఆకురాయితో గాటు పెట్టి యాసిడ్ వేయనివ్వకండి. ఎక్స్ కిరణాలతో లోహాన్ని చదివే యంత్రం ఉన్నచోట చూపించండి. స్పూనుకు గీత పడదు. 890, 900 పరిసరాలలో వెండి, మిగిలినది ప్రధానంగా రాగి కనిపించాలి. పాత వెండిలో శుద్ధి చేసినా పోని లేశమాత్రపు బంగారం, సీసం కూడా కనిపిస్తాయి. విద్యుత్తుతో శుద్ధి చేసిన ఆధునిక వెండిలో ఇవి ఉండవు కనుక, నకిలీలను పట్టడానికి మ్యూజియంల వారు కూడా దీన్నే చూస్తారు.

విలువ దగ్గర మిమ్మల్ని ఆశపెట్టను. పేరున్న పనివాడివి కాకపోతే ఇలాంటి టీ స్పూను వెండి ధరకు కొంచెం పైన, పదుల డాలర్లలోనే పోతుంది. నిర్ధారణ అయిన రివీర్ టీ స్పూను అయితే వేల డాలర్లు పలుకుతుంది. ఆరు కలిసి ఉండటం, అక్షరాలు చెరగకుండా ఉండటం, మెడ దగ్గర అతుకు లేకపోవడం ధరను పెంచుతాయి. కరిగించడం గురించి: పదిహేడో శతాబ్దపు అమెరికన్ స్పూన్లు ఇంత అరుదు కావడానికి కారణం ప్రతి తరమూ పాత మోజు స్పూన్లను కొలిమికి ఇచ్చి కొత్త మోజువి చేయించుకోవడమే, కనుక మీకు వచ్చిన ఆలోచన వాటి తొలి యజమానులకు వింతగా తోచేది కాదు. కాని లెక్క చూస్తే మీకే నష్టం. ఆరూ కలిపి తూకం వేస్తే వచ్చే వెండి తక్కువ, మేలిమి 90 శాతం దగ్గర కనుక తరుగు పోతుంది, పైగా మజూరీ. ఉగ్గుగిన్నె కొత్త వెండితో చేయించండి. ఉగ్గు పెట్టడానికి ఈ స్పూన్లలో ఒకటి వాడుకోవచ్చు, కాని ముందుగా దాని మీద బూడిదరంగు టంకం మచ్చ లేదని చూసుకోండి. పాత మరమ్మతుల్లో సీసం కలిసిన టంకం వాడేవారు, అలాంటిది పసివాడి నోటికి తగదు.

నల్లబడిన వాటిని ముంచి తీసే రసాయనాలలో వేయవద్దు, బూడిదతోనూ చింతపండుతోనూ తోమవద్దు. గోరువెచ్చని నీళ్ళు, కొంచెం సబ్బు, మెత్తటి గుడ్డ చాలు, చెక్కడాల లోపల మిగిలిన నలుపును అలాగే ఉండనివ్వండి, అక్షరాలు కనిపించేది దాని వల్లనే. ముద్రకు ఇంకో ఫోటో తీయండి: ఫ్లాష్ ఆపేసి, కిటికీ వెలుతురు ఒక పక్క నుంచి ఏటవాలుగా పడేలా స్పూనును తిప్పుతూ, ఆరింటి ముద్రలూ విడివిడిగా దగ్గరగా తీసి పెట్టండి. ఒకదాని మీద చెరిగిన అక్షరం ఇంకోదాని మీద మిగిలి ఉంటుంది. ఆరూ కలిపితే పేరు పూర్తవుతుందని అనుకుంటున్నాను.